ఐసీసీ అంటే క్రికెట్ ఒక్కటే కాదబ్బా: తిరుపతికి చదువుకోవడానికి వచ్చినవాళ్ళ కోసం

పోయిన ఏడాది హాస్టల్ మెస్‌లో జూనియర్లతో కూర్చుని తింటూ ఊరికే అడిగాను, ఐసీసీ అంటే ఏంటో తెలుసా అని. ఒకడు టక్కున చెప్పాడు: "తెలీకేమన్నా, క్రికెట్టోళ్ళది, ఆఫీసు దుబాయ్‌లో ఉంటుంది." టేబులంతా నవ్వింది. నేనూ నవ్వాను. మేము చేయి కడుక్కునే కుళాయి పక్కనే ఐసీసీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న ఫ్లెక్సీ కట్టి ఉంది. నీళ్ళు చిందీ చిందీ కింది నంబర్లు రెండు చెరిగిపోయాయి కూడా. ఇంటర్నల్ కంప్లయింట్స్ కమిటీ, అంటే లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ, ఆ పేరు పైన ఇంత లావు అక్షరాలతో ఉంది, రోజుకు మూడు పూటలు దాని ముందే నిలబడతాం, ఎవరూ చదవలేదు. నిజం చెప్పాలంటే మొదటి రెండేళ్ళు నేనూ చదవలేదు.

అందుకే ఇది రాస్తున్నా. తిరుపతిలో చదువులకేం కరువు లేదు. 1954లో పెట్టిన ఎస్వీ యూనివర్సిటీ, 1983లో వచ్చిన పద్మావతి మహిళా యూనివర్సిటీ, సంస్కృతం వాళ్ళది, వెటర్నరీ వాళ్ళది, మెడికల్ కాలేజీ, ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్, ఇంక లెక్కలేనన్ని ప్రైవేటు కాలేజీలు. ఐఐటీ లాంటి వాటికి సొంత పద్ధతులు ఉంటాయి కానీ మిగతా చాలాచోట్ల యూజీసీ (యూనివర్సిటీలకు నియమాలు పెట్టే కేంద్ర సంస్థ) నిబంధనలే కాబట్టి కింద చెప్పేవి దాదాపు అందరికీ పనికొస్తాయి.

ముందు కాగితం సంగతి

మాది పలమనేరు దగ్గర పల్లె. ఇంట్లో డిగ్రీ దాటింది నేనే మొదలు, ఏ కాగితం ఎవరికి ఇవ్వాలో చెప్పేవాళ్ళు లేరు. పీజీ మొదటి ఏడాది స్కాలర్‌షిప్ క్లాసులో అందరికీ పడింది, నాకు పడలేదు. ఆఫీసుకు పోతే "చూస్తాంలే, వచ్చే వారం రా" అన్నారు. వచ్చే వారం పోతే సారు లీవు. ఆ పై వారం పోతే "పైనుంచి రావాలబ్బాయ్" అన్నారు. ఏ ఆఫీసో పేరెందుకులే, వాళ్ళూ కావాలని చేసింది కాదు. అట్లా నాలుగు నెలలు తిరిగా. చివరికి పీహెచ్‌డీ చేసే ఒక అక్క, లైబ్రరీ మెట్ల మీద కూర్చుని టీ తాగుతూ నా గోడంతా విని ఒకటే అడిగింది.

"రాసిచ్చినావా?"

"లేదక్కా, చెప్పినా."

"నోటితో చెప్తే నీళ్ళ మీద రాసినట్టేరా. రాసియ్యి, నంబరేయించుకో."

రాసిచ్చిన తొమ్మిదో రోజు తెలిసింది, నా బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు తెగిపోయి ఉందని. బ్యాంకులో ఒక పూట పని. దానికోసం నాలుగు నెలలు ఆ వరండాలో చెప్పులరిగాయి.

రాసేది ఇట్లా. ఏ4 తెల్లకాగితం తీసుకుని పైన మీ పేరు, కోర్సు, రోల్ నంబరు, ఫోన్ నంబరు వేయండి. కింద ఎవరికి రాస్తున్నారో వాళ్ళ హోదా చాలు, పేరు అక్కర్లేదు, ఎందుకంటే సారు మారినా కుర్చీ మారదు. విషయం ఒక్క లైను. ఆ తర్వాత మూడే మూడు సంగతులు: ఏం జరిగింది, ఏ తేదీన జరిగింది, నాకేం కావాలి. చాలామంది మూడోది మర్చిపోతారు. రెండు పేజీలు కష్టాలు రాసి "తగిన చర్య తీసుకోగలరు" అని ముగిస్తారు, చదివినాయనకు ఏం చేయాలో అర్థం కాక ఆ ఫైలు కిందికి పోతుంది. "నా జూలై నెల స్కాలర్‌షిప్ దరఖాస్తు ఏ దశలో ఆగిందో రాతపూర్వకంగా తెలియజేయగలరు" అని అడిగి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. తెలుగులోనే రాయొచ్చు, ఇంగ్లీషు రాదని ఆగిపోవద్దు. ప్రతి డిపార్ట్‌మెంటు విషయం హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంటు హెడ్) సంతకంతో పంపితే తొందరగా కదులుతుంది, కానీ ఫిర్యాదు హెచ్‌ఓడీ మీదే అయితే ఆ దారి అక్కర్లేదు.

ఇక అసలు కిటుకు. అదే కాగితం జిరాక్స్ తీసి రెండూ పట్టుకుపోండి. ఆఫీసులో తపాల్ తీసుకునే చోట ఒకటి ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు వేయించుకోండి. నీలం సిరా, సగం చెదిరిపోయిన ముద్ర, తేదీ మాత్రం కనిపిస్తుంది, పక్కన పెన్నుతో ఇన్‌వర్డ్ నంబరు, అంటే వాళ్ళ రిజిస్టరులో మీ కాగితం ఎక్కిన నంబరు, రాసిస్తారు. ఆ నంబరును అప్పుడే ఫోటో తీసి పెట్టుకోండి. "అవసరం లేదులే, ఇచ్చిపో" అంటే గొడవ పడకుండా బయటికొచ్చి అదే కాగితం స్పీడ్ పోస్టులో వేసి రసీదు దాచుకోండి, ఆ ఆఫీసు మెయిల్‌కు కూడా ఒక కాపీ పంపండి. ఈసారి పోయినప్పుడు "నా పని ఏమైంది సార్" అనకుండా "ఫలానా నంబరు కాగితం ఎక్కడుంది సార్" అని అడగండి. రిజిస్టరు తెరవక తప్పదు.

అయినా కదలకపోతే? 2023 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, 15 పనిదినాల్లో తేల్చాలి. తేల్చింది నచ్చకపోతే 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు (ఆ కమిటీ మీద అప్పీళ్ళు వినే అధికారికి) అప్పీలు చేసుకోవచ్చు. స్కాలర్‌షిప్ ఆలస్యం, రిజల్ట్ ఆలస్యం, సర్టిఫికెట్లు ఇవ్వకపోవడం, వివక్ష, అన్నీ ఈ కమిటీ కిందికే వస్తాయి. అక్కడికి పోయినప్పుడు మొదట అడిగేది ఏంటో చెప్పనక్కర్లేదు కదా, పాత కాగితం నంబరే.

డబ్బులు, సర్టిఫికెట్లు

ఫీజు రీయింబర్స్‌మెంట్ మన దగ్గర జ్ఞానభూమి పోర్టల్ ద్వారా నడుస్తుంది. డబ్బు ఒకప్పుడు తల్లి ఖాతాలో పడింది, తర్వాత తల్లీబిడ్డల జాయింట్ ఖాతా అన్నారు, ఆ తర్వాత నేరుగా కాలేజీకే అన్నారు. పద్ధతి మారినప్పుడల్లా ఎవరో ఒకరి కాగితం మధ్యలో ఇరుక్కుంటుంది. మీ చేతిలో ఉన్నవి మాత్రం చూసుకోండి: 75 శాతం హాజరు, సచివాలయంలో తీసుకునే కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్‌లో పేరుకూ పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరుకూ అక్షరం తేడా లేకుండా ఉండటం. మా రూమ్మేట్‌కు ఇంటిపేరు ముందు రావడం వెనక రావడం అనే తేడాతో ఒక ఏడాది పోయింది. ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు ముడిపడి ఉందో బ్యాంకులో ఎన్‌పీసీఐ మ్యాపింగ్ అని అడిగితే చూసి చెప్తారు. రెండు మూడు ఖాతాలు ఉన్నవాళ్ళు తప్పకుండా చూసుకోండి, చివరగా ముడిపెట్టిన ఖాతాకే డబ్బు పోతుంది.

రీయింబర్స్‌మెంట్ రాలేదు కాబట్టి ఒరిజినల్స్ ఇవ్వం అనే మాట చాలామంది విన్నదే. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకోకూడదని, చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ ఉత్తర్వు ప్రింటు తీసి మీ అర్జీకి జతచేయండి. అదే ఉత్తర్వులో సీటు వదులుకుంటే ఫీజు ఎంత వెనక్కి ఇవ్వాలో కూడా ఉంది: అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకన్నా ముందే వదులుకుంటే దాదాపు మొత్తం, ఆ లోపైతే 90 శాతం, చివరి తేదీ దాటిన 15 రోజుల్లోపు 80, నెలలోపు 50, ఆ తర్వాత ఏమీ రాదు. కౌన్సెలింగ్‌లో వేరే చోట సీటొచ్చిన వాళ్ళకు ఇది చాలా డబ్బు.

ఇంకొకటి. పేపరు బాగా రాసినా ఫెయిలయ్యామని అనుమానం ఉంటే, దిద్దిన జవాబు పత్రాన్ని సమాచార హక్కు కింద చూసుకోవచ్చని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. ఫీజు 10 రూపాయలు, జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి. తెల్లరేషన్ కార్డు ఉన్నవాళ్ళకు ఆ పదీ లేదు. ఏడుస్తూ సప్లిమెంటరీ ఫీజు కట్టే ముందు ఈ పది రూపాయలు పెట్టి చూడండి.

ఐసీసీ, ర్యాగింగ్

లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినేది ఐసీసీ. చట్టం 2013ది, క్యాంపస్‌లకు ప్రత్యేకంగా యూజీసీ 2015 నిబంధనలు ఉన్నాయి. లెక్చరరు కావచ్చు, క్లాస్‌మేటు కావచ్చు, మెస్‌లో పనిచేసేవాళ్ళు కావచ్చు, వాట్సాప్‌లో పంపిన మెసేజ్ కూడా కావచ్చు. జరిగిన 3 నెలల్లోపు రాసివ్వాలి, వరసగా జరుగుతుంటే చివరిది జరిగిన రోజు నుంచి లెక్క. సరైన కారణం ఉంటే ఇంకో 3 నెలలు కమిటీ పొడిగించొచ్చు. రాయలేని పరిస్థితిలో ఉంటే రాయడానికి సాయం చేయాల్సింది కమిటీయే. 90 రోజుల్లో విచారణ ముగించాలి, పేర్లు బయట పెట్టకూడదు. విద్యార్థుల విషయమైతే కమిటీలో ముగ్గురు విద్యార్థి సభ్యులు కూడా ఉండాలి, వాళ్ళను ఎన్నుకోవాలి. మీ క్యాంపస్‌లో ఆ ముగ్గురు ఎవరో అడగండి. ఎవరికీ తెలియకపోతే అదే మీ మొదటి అర్జీ. యూజీసీ నిబంధనలు అబ్బాయిల మీద, ట్రాన్స్ విద్యార్థుల మీద జరిగేవాటినీ లెక్కలోకి తీసుకున్నాయి, ఈ సంగతి అబ్బాయిల హాస్టళ్ళలో అసలు తెలియదు.

స్నేహితురాలు వచ్చి చెప్పుకుంటే ఫస్టు చేయాల్సిన పని స్క్రీన్‌షాట్లు, తేదీలు దాచిపెట్టడం. వాణ్ణి పట్టుకుని నాలుగు తగిలించడం కాదు, దాంతో కేసు మీ మీదికి తిరుగుతుంది. ఆ అమ్మాయిని అడగకుండా ఇంటికి ఫోన్ చేయడం అంతకన్నా పెద్ద తప్పు. మన ఊళ్ళలో చాలాసార్లు ఇంటివాళ్ళు తీసుకునే మొదటి చర్య చదువు మాన్పించడమే.

ర్యాగింగ్‌కు మన రాష్ట్రంలో 1997 నుంచే చట్టం ఉంది, జైలు కూడా ఉంది. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522 రోజంతా పనిచేస్తుంది. "పరిచయం చేసుకుంటున్నాం అంతే" అనేవాళ్ళకు ఒకటే కొలత: వద్దన్నప్పుడు ఆపారా లేదా. అడ్మిషన్ రోజు మీరూ మీ నాన్నా చదవకుండా సంతకం పెట్టిన యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్ ఉంది చూశారూ, అది సీనియర్లూ పెట్టారు.

"మీరు ఏమోళ్ళు?"

క్యాంపస్ గేటు దాటగానే ఈ ప్రశ్న ఎదురవుతుంది. హాస్టల్ దొరకనివాళ్ళు బైరాగిపట్టెడ, కొర్లగుంట, భవానీ నగర్, ఎం.ఆర్.పల్లి వైపు రూములకు తిరుగుతారు. టులెట్ బోర్డు చూసి బెల్లు కొడితే ఇంటావిడ తలుపు సగం తెరిచి, మొదట ఏ ఊరు అంటుంది, తర్వాత ఏం చదువు అంటుంది, ఆ తర్వాత మెల్లిగా "మీరు ఏమోళ్ళు నాయనా?" అంటుంది. నా స్నేహితుడొకడు నిజం చెప్పి మూడు ఇళ్ళు పోగొట్టుకున్నాడు, నాలుగో ఇంట్లో అబద్ధం చెప్పి రూము తీసుకుని రెండేళ్ళు భయపడుతూ బతికాడు. ఇంటికి వాళ్ళమ్మ వస్తే మాట తీరును బట్టి దొరికిపోతామేమోనని ఆమెను బస్టాండ్‌లోనే కలిసి పంపించేవాడు. ఇది క్లాసులో ఎవరికీ తెలియదు. వాడి మార్కులు ఎందుకు తగ్గాయని మాత్రం అందరూ అడిగారు.

ఇంటి యజమానితో కొట్లాడి గెలవడం కష్టం, అది ఒప్పుకుంటా. కానీ రూము వెతకడానికి జూనియర్‌తో పాటు మీరూ వెళ్ళండి. ఈ ప్రశ్న వేయని ఇళ్ళు ఊళ్ళో ఉన్నాయి, సీనియర్లకు తెలుసు, ఆ చిరునామాలు ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కు అందాలి. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక నోటుపుస్తకం పెట్టాం, అడ్వాన్సు ఎంత, తిరిగి ఇచ్చారా, నీళ్ళు వస్తాయా, ఏం అడిగారు, అన్నీ అందులో రాస్తారు. క్యాంపస్ లోపల మాత్రం కథ వేరు. కులం పేరుతో అవమానిస్తే, వైవాలో కులం అడిగితే, ఎస్సీ ఎస్టీ సెల్, ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ ఉండాలి, ఫిర్యాదుల కమిటీ ఉంది, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద దేశమంతటికీ 14566 నంబరు ఉంది.

యాస సంగతి కూడా. కుప్పం, సత్యవేడు, నగరి వైపు నుంచి వచ్చినవాళ్ళ మాటలో అరవం కలుస్తుంది, మదనపల్లె వాళ్ళది ఇంకో రకం. సెమినార్‌లో "వస్తాండాం" అన్నందుకు నవ్వితే ఆ పిల్ల మిగతా ఏడాదంతా నోరు తెరవదు. దీనికి కమిటీ లేదు, మనమే నవ్వకుండా ఉండాలి.

చూపు సరిగా లేనివాళ్ళు, చేయి రాయలేనివాళ్ళు పరీక్షకు స్క్రైబ్‌ను (తాము చెప్తే రాసిపెట్టే మనిషిని) తీసుకోవచ్చు, గంటకు 20 నిమిషాలు అదనపు సమయం ఉంటుంది. పరీక్ష రోజు కాదు, హాల్ టికెట్ రాకముందే రాసివ్వాలి.

ఫోనులో ఉండాల్సినవి

నిద్ర పట్టకపోవడం, క్లాసుకు పోబుద్ధి కాకపోవడం, ఊరికే ఏడుపు రావడం వారాల తరబడి ఉంటే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు. నేరుగా డాక్టరును చూడాలంటే రుయా ఆసుపత్రిలో ఓపీ ఉంది. నేను ఒకసారి పోయాను, తెలిసినవాళ్ళు కనపడతారేమోనని మాస్కు పెట్టుకుని మరీ పోయాను. నిజంగానే మా సీనియర్ కనిపించాడు. ఆయనా మాస్కులోనే ఉన్నాడు.

ఆన్‌లైన్‌లో డబ్బు మోసం జరిగితే 1930, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది, డబ్బు చేతులు మారకముందే ఆపగలిగితేనే ఉపయోగం. ఈమధ్య ఇంకో రకం నడుస్తోంది: "నీ బ్యాంకు ఖాతా, సిమ్ము నెల రోజులు ఇవ్వు, ఐదు వేలు ఇస్తా" అంటారు. ఆ ఖాతాలోంచి ఎవరో కొట్టేసిన డబ్బు తిరుగుతుంది, పోలీసులు వచ్చేది మాత్రం మీ రూముకు. తెలిసిన సీనియర్ అడిగినా సరే, ఇవ్వొద్దు. గంజాయి సంగతి చెప్పాలంటే 1972, ప్రమాదంలో ఉంటే 112, మహిళలకు 181, ఉచిత న్యాయ సాయం 15100. స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండానే ఈ న్యాయ సాయం దొరుకుతుంది.

లైబ్రరీ, ఊరు, ఓటు

లైబ్రరీ అంటే గ్రూప్స్‌కు చదువుకునే ఏసీ గది అనుకునేవాళ్ళే ఎక్కువ, తప్పు కూడా కాదు. కానీ లైబ్రరీ కౌంటర్‌లో ఇంటినుంచి ఈ-జర్నల్స్ చదువుకునే లాగిన్ ఇవ్వమని అడగండి, చాలాచోట్ల ఇస్తారు, అడిగేవాళ్ళే లేరు. పాత థీసిస్‌లు శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. తెలుగు, సంస్కృతం, చరిత్ర వాళ్ళు ఎస్వీయూలోని ప్రాచ్య పరిశోధన సంస్థకు ఒక్కసారైనా పోండి, తాటాకు ప్రతులు అక్కడ ఉన్నాయి. మా ఎం.ఏ. బ్యాచ్‌లో సగం మంది ఆ సంస్థ పక్కనుంచి రోజూ నడిచి, అది ఏంటో తెలియకుండానే కోర్సు పూర్తి చేశారు.

నెలాఖరులో చేతిలో డబ్బు లేకపోతే అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకు భోజనం, సిగ్గు పడాల్సిన పనేం లేదు, పక్కన ఆటో అన్నలూ ఉంటారు, మన లెక్చరర్లూ కనపడతారు. అమ్మాయిలకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బు కట్టనక్కర్లేదు, ఆధార్ చూపిస్తే చాలు, కానీ కొండ మీదికి పోయే బస్సులకు అది వర్తించదు. అబ్బాయిలు స్టూడెంట్ పాసు తీసుకోవాల్సిందే.

18 నిండినవాళ్ళు హాస్టల్ చిరునామాతోనే ఓటు నమోదు చేసుకోవచ్చు, ఫారం 6కు కాలేజీ ఇచ్చే బోనఫైడ్ జతచేయాలి. ఊళ్ళో ఓటు ఉంటే ఏదో ఒకటే ఉంచుకోవాలి. ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరితే ఏడాదికి 120 గంటలు. సర్టిఫికెట్ కోసమే చేరినా సరే, మా యూనిట్ శీతాకాలం క్యాంపులో చంద్రగిరి దగ్గర ఒక ఊళ్ళో పింఛను రాని ముసలమ్మకు అర్జీ రాసిచ్చింది నేనే. రెండు కాపీలు, ఇన్‌వర్డ్ నంబరుతో సహా. ఆమె ఆ స్టాంపు కాగితాన్ని మడిచి రవికెలో పెట్టుకుంది.

చివరగా ఆఫీసుకు ఎప్పుడు పోవాలో. సోమవారం పొద్దున వద్దు, అందరూ అప్పుడే పోతారు. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే భోజనానికి లేస్తారు, మూడుకు గానీ కుర్చీలో దొరకరు. మంగళవారం పదకొండున్నరకు పోండి, టీ తాగి స్థిమితంగా ఉంటారు. బ్రహ్మోత్సవాల్లో, ముఖ్యంగా గరుడసేవ రోజు, ఊళ్ళో ఏ పనీ పెట్టుకోకండి. బాలాజీ కాలనీ నుంచి బస్టాండ్‌కు చేరేసరికే ఆఫీసు మూసేస్తారు.